గోల్కొండ మెట్ల మీద ఒక ప్రశ్న

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల కుటుంబాలు హైదరాబాద్ వెళ్ళినప్పుడు పిల్లలకు చార్మినార్ చూపించి, లాడ్‌బజారులో గాజులు కొని తిరిగి రావడం పరిపాటి. గోల్కొండకు ఒక పూట కేటాయించేవారు తక్కువే. మా మదరసా విద్యార్థులతో గత చలికాలంలో ఆ కొండ ఎక్కాము. ఉదయం ఎండ ముదరక ముందే ఎక్కడం మేలు. 300కు పైగా మెట్లున్నాయి; మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు మధ్యలో కూర్చోక తప్పదు.

ఆ కోటకు మన తీరంతో సంబంధం ఉందని మన పిల్లలకు తెలియదు. రేపల్లె దగ్గరి నిజాంపట్నం ఒకప్పుడు గోల్కొండ రాజ్యపు ఓడరేవు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ అక్కడ ఆగింది. ఆ తీరపు ఇసుక నేలల్లో దొరికే చిరివేరుతో ఎర్రని అద్దకం వేసిన వస్త్రాలు సముద్రాలు దాటి వెళ్ళేవి. గోల్కొండ అనగానే వజ్రాలే గుర్తుకు వస్తాయి గాని, ఆ ఖజానాలో మన నేతగాళ్ళ, అద్దకందారుల చెమట కూడా ఉంది.

బాలాహిసార్ ద్వారం కమాను కింద చప్పట్లు కొడితే కొండ మీద వినిపిస్తుంది. పిల్లలకు అదే పెద్ద వినోదం. నాకు మాత్రం మట్టి గొట్టాలు ఎక్కువ ఆశ్చర్యం కలిగించాయి. గోడల్లో పొదిగిన ఆ గొట్టాల గుండా, అంచెలంచెలుగా నీటి చక్రాలతో తోడి, కొండపైకి నీరు చేర్చారు. ఆ నీరు దుర్గం చెరువు నుండి వచ్చేది. నేడు ఆ చెరువు మీద తీగల వంతెన, చుట్టూ అద్దాల భవనాలు వెలిశాయి. శిఖరం నుండి చూస్తే ఒకవైపు ఆ భవనాలు, మరోవైపు ఇబ్రాహీంబాగ్‌లో రాజుల సమాధుల గుమ్మటాలు కనిపిస్తాయి.

కాకతీయుల కాలపు కోటను 1363లో బహమనీలు పొందారు. 1518 నుండి కుతుబ్‌షాహీల ఏలుబడి. వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ 1543లో నమాజులో ఉండగా హత్యకు గురయ్యాడు. చేయించినవాడు కన్నకొడుకు జంషీద్. మరో కుమారుడు ఇబ్రాహీం ప్రాణభయంతో విజయనగరం చేరి, అక్కడ ఏడేళ్ళు ఆశ్రయం పొందాడు. 1550లో తిరిగి వచ్చి రాజయ్యాడు. తెలుగు కవులను ఆదరించి, వారి నోట మల్కిభరాముడు అనిపించుకున్నాడు. కాని 1565 యుద్ధంలో, తనకు అన్నం పెట్టిన రామరాయలకు ఎదురు నిలిచినవారిలో ఆయనా ఉన్నాడు. మనం గొప్పగా చెప్పుకొనే పేర్ల వెనుక ఇవి కూడా ఉన్నాయి, పిల్లల దగ్గర దాచకూడదు.

పైన మసీదు, దానికి సమీపంలోనే జగదాంబ అమ్మవారి గుడి. ఆషాఢంలో నగరపు బోనాలు ఇక్కడే మొదలవుతాయి. మసీదు గోడ మీద ఎవరో తమ పేర్లు చెక్కి వెళ్ళారు. తల్లిదండ్రులు ఈ ఒక్క విషయంలో పిల్లల చేయి గట్టిగా పట్టుకోవాలి.

దిగుతుండగా పదమూడేళ్ళ విద్యార్థి అడిగాడు: "ఉస్తాద్, లోపల ఉన్నవారూ నమాజు చేసేవారే, బయట ముట్టడించినవారూ నమాజు చేసేవారే గదా. మరి ఇద్దరూ ఏమని దుఆ చేసి ఉంటారు?"

మెట్ల మీదే కూర్చోబెట్టి చెప్పాను. 1687లో ఔరంగజేబు సైన్యం సుమారు ఎనిమిది నెలలు ఈ కోటను చుట్టుముట్టింది. దీనిని షియా సున్నీ తగవుగా తేల్చేవారున్నారు. ఆ మాట నాడు వినిపించకపోలేదు. మాదన్న వంటి బ్రాహ్మణ మంత్రికి పెత్తనం ఇచ్చాడన్న నింద కూడా అబుల్ హసన్ మీద మోపారు. అయితే ముందటి ఏడే బీజాపూర్ మొగలుల వశమైంది. దక్కన్ మొత్తం తమ ఏలుబడిలోకి రావాలన్నదే అసలు కోరిక అని నా అభిప్రాయం. వర్షాలు, కరువు ముట్టడిదారులనే ఎక్కువ కుంగదీశాయి. ఫిరంగులకు లొంగని కోటలోకి చివరికి లోపలివాడే దారి ఇచ్చాడు. ధనానికి ఆశపడిన ఒక సర్దారు రాత్రివేళ ద్వారం తెరిచాడు.

అదే రాత్రి అబ్దుర్రజ్జాక్ లారీ అనే మరో సర్దారు కత్తి దూసి ఒంటరిగా అడ్డుపడి, ఒళ్ళంతా గాయాలతో పడిపోయాడు. అంతకుముందు తనకు పదవి ఆశ చూపుతూ వచ్చిన లేఖను ఆయన సైనికుల ఎదుటే చించివేశాడు. ఆయన విశ్వాసాన్ని మెచ్చి ఔరంగజేబే వైద్యులను పంపి బ్రతికించాడు. ఇబ్రాహీంబాగ్‌లో అబుల్ హసన్ సమాధి లేదు. ఆయనను దౌలతాబాద్ కోటలో బంధించారు, అక్కడే మరణించాడు.

పిల్లవాడు కాసేపు ఆలోచించి, "తలుపు తీసిన ఆయనకు తరువాత ఏమైంది?" అని అడిగాడు. మిగతావారంతా అప్పటికే కింది ద్వారం చేరి మళ్ళీ చప్పట్లు మొదలుపెట్టారు.