తగ్గించిన అన్నమునకు బదులు ఇంటి గింజలు

కిందటి పంటకాలములో మైదుకూరు వైపు ఒక గ్రామములో వేరుశనగ పైరును చూచుచుండగా, యాభై ఏండ్లు దాటిన రైతు ఒకరు నన్ను పక్కకు పిలిచి ఇట్లు అడిగినారు: “సార్, షుగరుందని డాక్టరు అన్నం తగ్గియ్యమన్యాడు. తగ్గిచ్చినా. పదకొండు గంటలకల్లా కండ్లు తిరగతాండాయి. బాదంపప్పులు తినమంటాండారు. మేమేడ తెచ్చేది?”

ఆయన రాత్రి మాత్ర వేసుకొని, ఉదయము అన్నము సగము చేసి, ఆ సగమునకు బదులు ఏమియు తినక గుంటక తోలుటకు వచ్చినారు. ఆయన ఇంటిలో అప్పటికి చెనిక్కాయ బస్తాలున్నవి. వాటిని అమ్మి, ఆ డబ్బుతో పామాయిలు పొట్లములు కొనుచున్నారు. ఈ వ్యాసము ఆయన ప్రశ్నకు జవాబు.

అన్నము తగ్గించుట ఎందుకు ఖరీదు?

కేసీ కాలువ కింద మైదుకూరు, ప్రొద్దుటూరు ప్రాంతములలో వరి పండును. కాలువ లేని మెట్ట గ్రామములలో మన పెద్దలు కొర్ర, జొన్న, రాగి తిని పనిచేసినారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన తరువాత ఆ ఇండ్లలో కూడ మూడు పూటలా వరి అన్నమే అయినది. నేడు కడుపు నింపు పదార్థములలో చౌక ధరల దుకాణపు బియ్యమునకు మించిన చౌక లేదు. కావున దానిని తగ్గించుమన్నచో పేద రైతునకు భయము కలుగుట సహజము.

కొర్ర, రాగి తిన్నచో ఎంతయైనను తినవచ్చునను మాట సరికాదు. బియ్యములో నూటికి 78 పాళ్ళు పిండి పదార్థమున్నచో, కొర్రలో సుమారు 60కి పైగాను, రాగి, జొన్నలలో సుమారు 70 పాళ్ళును ఉండును. వాటిలో నార ఎక్కువ గనుక రక్తములో చక్కెర కొంత నెమ్మదిగా పెరుగును. అంతే. సంగటి ముద్ద పరిమాణము కూడ తగ్గవలసినదే.

చేర్చుట కాదు, మార్చుట

ఒక గ్రాము పిండి పదార్థము 4 కేలరీల శక్తినిచ్చును. ఒక గ్రాము కొవ్వు 9 కేలరీలిచ్చును. కొవ్వు తక్కువ పరిమాణములో ఎక్కువ శక్తినిచ్చి, ఆకలిని నిదానింపజేయును. రక్తములో చక్కెరను వెంటనే పెంచదు. అందుచే అన్నము తగ్గించినవారికి అది ఉపయోగపడును. కాని అన్నము తగ్గించకుండ దాని మీద నూనె, నెయ్యి, గింజలు చేర్చినచో బరువు పెరుగును గాని మేలు కలుగదు. ఎద్దుకు మేత మార్చునప్పుడు పాతది తగ్గించి కొత్తది వేయుదుము గదా! ఇదియు అట్టిదే.

దినమునకు అరకిలో బియ్యము తిని పొలము పని చేయు మనిషి అందులో సగము, అనగా 250 గ్రాములు, తగ్గించినాడనుకొందము. తగ్గిన శక్తి సుమారు 875 కేలరీలు. దానిని ఇంటి సరకుతో ఈ విధముగా పూరించవచ్చును:

వేరుశనగ పప్పు 60 గ్రాములు (రెండు గుప్పెళ్ళు): సుమారు 340 కేలరీలు.
నూగులు 20 గ్రాములు (పొడిగా రెండు పెద్ద చెంచాలు): 115 కేలరీలు.
కోడిగుడ్లు 2: 145 కేలరీలు.
ఎనుము పెరుగు ఒక గ్లాసు: 150 కేలరీలు.
అలసందలు లేక ఉలవల గుగ్గిళ్ళు, ఎండు గింజలు 40 గ్రాములకు: 130 కేలరీలు.

మొత్తము 880 కేలరీలు. దీనిలో కొవ్వు సుమారు 60 గ్రాములు. మాంసకృత్తులు కూడ తగ్గించిన బియ్యములో కంటె రెట్టింపునకు పైగా ఉండును. గుడ్డు తిననివారు పెరుగు, గుగ్గిళ్ళు కొంత పెంచుకొనవలెను. బరువు ఎక్కువగా ఉండి తగ్గదలచినవారు, కూర్చుని పనిచేయువారు ఈ లెక్కలో సగము తీసుకొన్నచో చాలును.

ఏ కొవ్వు మంచిది?

తెలుగు నాట 2017, 2018 సంవత్సరములలో వీరమాచనేని రామకృష్ణ గారి ఆహార పథకము విశేషముగా ప్రచారమైనది. ధాన్యము పూర్తిగా మాని, దినమునకు 70 నుండి 100 గ్రాముల కొవ్వును, ముఖ్యముగా కొబ్బరినూనె, నెయ్యి, వెన్నల రూపములో తీసుకొనుట అందులోని ముఖ్యాంశము. ఊరూర ఈ సంగతి చర్చకు వచ్చినది. అయితే మన మెట్ట గ్రామములలో కొబ్బరి పండదు, కొనవలసినదే. పైగా కొబ్బరినూనెలో నూటికి 80 పాళ్ళకు పైగా సంతృప్త కొవ్వు. పామాయిలులో అది దాదాపు సగము. నెయ్యిలో సగమునకు పైగా. సంతృప్త కొవ్వు అధికమైనచో రక్తములో చెడు కొలెస్టరాలు పెరుగును. చక్కెర వ్యాధి గలవారికి గుండె జబ్బు భయము ముందే ఎక్కువ గనుక వారు అసంతృప్త కొవ్వులకే ప్రాధాన్యమియ్యవలెను.

అట్టి కొవ్వు మన పొలములలోనే ఉన్నది. పులివెందుల వైపు పండు వేరుశనగ పప్పులో సుమారు సగము నూనె, నాల్గవ వంతు మాంసకృత్తులు. ఆ నూనెలో అధిక భాగము అసంతృప్త కొవ్వు. నూగులలోను దాదాపు సగము నూనె కలదు. జమ్మలమడుగు నల్లరేగళ్ళకు అనువైన కుసుమ గింజల నూనె కూడ ఈ జాతిదే. అవిసె గింజల నూనెలో సగమునకు పైగా ఒమేగా-3 కొవ్వు ఉండును. వాటిని దోరగా వేయించి పొడి చేసి దినమునకు ఒక చెంచా వాడవచ్చును. ఓలీక్ ఆమ్లము నూటికి 80 పాళ్ళ వరకు గల గిర్నార్-4, గిర్నార్-5 అను వేరుశనగ రకములు 2020 ప్రాంతమున విడుదలైనవి. ఈ నూనె త్వరగా ముక్కిపోదు.

బాదము తప్పనిసరి కాదు. కిలో బాదముపప్పు ధరకు వేరుశనగ పప్పు ఎన్ని కిలోలు వచ్చునో అంగడిలో అడిగి చూడుడు.

వాడు విధము

ఊరిబిండి మన ఇండ్లలో కొత్తది కాదు. ఉప్పు తగ్గించి, చెనిక్కాయలు పెంచి నూరినచో చిన్న సంగటి ముద్దకు అదియే కూర. గోగాకు, చిర్రాకు, వంకాయ కూరలలో చెనిక్కాయ పొడి, నూగుల పొడి చల్లవలెను. పొలమునకు సద్దితో పాటు ఉడకబెట్టిన లేక వట్టి పెనము మీద వేయించిన చెనిక్కాయలు ఒక గుప్పెడు తీసుకొనిపోవలెను. బెల్లపు ఉండలు, బొరుగులతో కలిపి తిన్నచో వదిలిన పిండి పదార్థము మరల లోనికి వచ్చును. బజ్జీలు వేయించిన నూనెను మరల మరల కాచరాదు.

ఇంటికి ఎంత ఉంచుకొనవలెను?

నలుగురు గల ఇంటికి మనిషికి సగటున దినమునకు 40 గ్రాముల పప్పు చొప్పున ఏడాదికి 58 కిలోల పప్పు, అనగా 83 కిలోల కాయలు కావలెను. మనిషికి 20 గ్రాముల నూనె చొప్పున ఏడాదికి 29 కిలోలు. గానుగలో పప్పుకు నూటికి 40 పాళ్ళు నూనె దిగినచో దీనికి సుమారు 105 కిలోల కాయలు. రెండును కలిపి 190 కిలోలు, అనగా 40 కిలోల బస్తాలు అయిదుకు లోపు. మిగిలినది అమ్ముకొనుడు. కళ్ళములో ధర పడినప్పుడు అన్నియు అమ్మి, ఏడాది పొడవున నూనె పొట్లము కొనుట లాభము కాదు.

బూజును గురించి జాగ్రత్త

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయినవి. కారణము వెదకగా, వాటికి పెట్టిన వేరుశనగ చెక్కలో బూజు వలన పుట్టిన విషము బయటపడినది. దానినే అఫ్లాటాక్సిను అందురు. ఇది కాలేయమునకు హానిచేసి క్యాన్సరును కలిగించును. కాయ ఊరు చివరి నెలలో వర్షము లేక పైరు ఎండినప్పుడు ఈ బూజు కాయలోనికి చేరును. మన ప్రాంతములో అట్టి ఏండ్లు తక్కువ కాదు. వేయించినను, ఉడికించినను ఈ విషము పూర్తిగా పోదు.

కావున చివరి దశలో వీలున్నచో ఒక తడి ఇయ్యవలెను. పీకిన చెట్లను కాయలు పైకి వచ్చునట్లు తిరగవేసి ఆరబెట్టవలెను. తేమ 8, 9 పాళ్ళకు దిగిన పిమ్మటనే బస్తాలకెత్తవలెను. కాయ ఊపినప్పుడు గలగలమనుట, గింజను నలిపినప్పుడు పొట్టు ఊడుట దానికి గుర్తులు. ముడుచుకొనిన, రంగు మారిన, పురుగు తిన్న, చేదుగానున్న గింజలను ఏరి పారవేయవలెను. అట్టి గింజలను గానుగకు పంపరాదు. విషములో అధిక భాగము చెక్కలో నిలుచును. ఆ చెక్క తిన్న ఎనుము పాల ద్వారా కొంత మరల మన పిల్లలకే చేరును. మందు పట్టించిన విత్తనములు మిగిలినచో వాటిని ఎట్టి పరిస్థితిలోను తినరాదు.

మాత్రలు వాడువారికి ముఖ్య గమనిక

ఇన్సులిను గాని, గ్లిమిపిరైడు, గ్లిబెన్‌క్లమైడు వంటి మాత్రలు గాని వాడుచున్నవారు వైద్యునికి చెప్పకుండ అన్నము సగము చేయరాదు. మందు అంతే ఉండి తిండి తగ్గినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవును. చెమట, వణుకు, కండ్లు తిరుగుట దాని గుర్తులు. అట్టి సమయమున చెనిక్కాయలు పనికిరావు. కొవ్వు చక్కెరను వెంటనే పెంచదు. మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి వెంటనే త్రాగి, నీడకు చేరి, తరువాత కొంత ఆహారము తినవలెను. పొలమునకు పోవునప్పుడు చక్కెర పొట్లము జేబులో ఉండవలెను. డాపాగ్లిఫ్లోజిను జాతి మాత్రలు వాడువారు పిండి పదార్థమును బాగుగా తగ్గించినచో రక్తములో ఆమ్లము పెరుగు అపాయము కలదు. మూత్రపిండముల జబ్బు గలవారు, గర్భిణులు, పిల్లలు ఈ మార్పును వైద్యుని సలహా లేక చేయరాదు. వేరుశనగ పడనివారు దానిని ముట్టరాదు.

పైన చెప్పిన రైతుకు నేను మొదట చెప్పినది వైద్యుని కలిసి మాత్ర మోతాదు అడుగుమనియే. రెండవది, బస్తాలలో అయిదు ఇంటికి ఉంచుమని. మార్పు ఒక్కసారిగా కాక వారమునకు కొంత చొప్పున చేయవలెను. చేయుచు చక్కెర పరీక్ష చేయించుకొనవలెను. పంటను ఆరబెట్టుట, నిలువచేయుటను గురించి సందేహములున్నచో మీ గ్రామ వ్యవసాయ సహాయకుని గాని, కడప దగ్గర ఊటుకూరులోని కృషి విజ్ఞాన కేంద్రమును గాని సంప్రదింపుడు. మనము పండించిన మంచి గింజ మొదట మన ఇంటి విస్తరిలో పడవలెను. ఆ పిమ్మట సంతకు పోవలెను.