కరాచీకి పోయిన గోదారి

కోయంబత్తూరు దగ్గరి కారమడైలో మేం తాగేది భవాని నీళ్లు. ఆ భవాని దిగువకు పోయి కావేరిలో కలుస్తుంది. ఇంట్లో మాట్లాడే తెలుగు మాత్రం కృష్ణ, గోదావరుల సీమది. నాయకుల కాలంలో మా పెద్దలతో పాటు ఈ కొంగునాటికి దిగింది. సముద్రం చూడాలంటే పాలక్కాడు కనుమ దాటి కొచ్చికి పోవాల్సిందే. అలాంటి ఊళ్లో కూచుని యుద్ధనౌకల గురించి రాయడమేమిటంటారా? కృష్ణ, గోదావరి, కావేరి పేర్లతో మూడు ఉక్కు ఓడలు ఉండేవి మరి.

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి రాయల్ ఇండియన్ నేవీ అంటే వేళ్ల మీద లెక్కపెట్టగలిగే పడవల బలగం. యుద్ధం ముదిరాక బ్లాక్ స్వాన్ తరగతి స్లూపులు ఆరు వచ్చాయి: సట్లెజ్, జమున, నర్మద, గోదావరి, కృష్ణ, కావేరి. కృష్ణను, కావేరిని గ్లాస్గోలో యారో కంపెనీ కట్టింది. గోదావరిని సౌతాంప్టన్‌లో థోర్నీక్రాఫ్ట్. 1943లో ఈ మూడూ కొలువులో చేరాయి. బరువు ఇంచుమించు 1,300 టన్నులు, పొడవు 300 అడుగులకు కాస్త తక్కువ, జంటగా అమర్చిన నాలుగంగుళాల ఫిరంగులు ఆరు. పెద్ద యుద్ధనౌకల పక్కన ఇవి పిల్ల ఓడలే. కానీ జలాంతర్గాముల నుంచి సరకు ఓడల బిడారును కాపాడ్డానికి కావలసింది సరిగ్గా ఇలాంటి పడవలే.

1944 ఆగస్టు 12న సీషెల్స్ దగ్గర జర్మన్ జలాంతర్గామి యూ-198ని ముంచినప్పుడు, బ్రిటిష్ నౌక ఫిండ్‌హార్న్‌కు తోడుగా ఉన్నది మన గోదావరే. జలాంతర్గామిలో ఒక్కరూ మిగల్లేదు.

అప్పట్లో సముద్రం లేని కోయంబత్తూరుకూ నౌకాదళం వచ్చింది. పీలమేడులో బ్రిటిష్ నేవీ తన విమానాలకు మరమ్మతుల స్థావరం పెట్టి, దానికి ‘గరుడ’ అని పేరు పెట్టింది. మా ఊరి రంగనాథుడి వాహనం అని తెలిసే పెట్టారో లేదో!

1947లో దేశంతో పాటు ఓడలనూ పంచుకున్నారు. ఆరు స్లూపుల్లో నాలుగు మనకు, రెండు పాకిస్తాన్‌కు. ఆ పంపకంలో పాకిస్తాన్‌లోకి పారే సట్లెజ్ పేరున్న ఓడ మనకు మిగిలింది. నాసిక్ దగ్గర పుట్టి రాజమండ్రి మీదుగా పారే గోదావరి కరాచీకి పోయింది! ఏ గుమాస్తా గీసిన గీతో గానీ, నాకైతే ఇది విభజనలోకెల్లా విచిత్రమైన పంపకం. 1948లో దాని పేరు ‘సింధ్’ అయింది, 1959లో తుక్కుకు పోయింది. వెంట పోయిన నర్మద ‘ఝీలం’ అయింది.

కావేరికి ఇంకాస్త ఆయువు మిగిలింది. 1961 డిసెంబరులో గోవా విమోచనప్పుడు బేత్వా, బియాస్ నౌకలతో కలిసి మర్మగోవా ముందు నిలిచింది. ఎదురుగా పోర్చుగీసువాళ్ల ముసలి నౌక అఫాన్సో డి అల్బుకర్క్. దెబ్బలు తిని ఒడ్డుకెక్కింది. తరవాత కృష్ణ, కావేరి శిక్షణ ఓడలయ్యాయి. కావేరిని 1977లో, కృష్ణను 1981లో విప్పేశారు.

గోదావరి పేరు మాత్రం వెనక్కి వచ్చింది. బొంబాయి మజగావ్ డాక్‌లో తయారైన కొత్త ఫ్రిగేట్ 1983 డిసెంబరు 10న ఆ పేరుతోనే కొలువులో చేరింది. ఈసారి ఉక్కు ఓడ పుట్టింది మన ఒడ్డునే. 1988లో మాల్దీవుల్లో తిరుగుబాటు విఫలమై, బందీలతో పారిపోతున్న కిరాయి సైనికుల ‘ప్రోగ్రెస్ లైట్’ ఓడను వెంటాడి ఆపింది. 2015 డిసెంబరు 23న సెలవు తీసుకుంది.