వెబ్ సర్వర్ పనితీరు - వరుస, మెమొరీ, కొలత: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వెబ్ సర్వర్ వేగం పెంచడానికి సర్వర్‌లోను, దాని కింద పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్‌లోను అమరికలు మార్చడం పరిపాటి. అయితే ఆ విలువలు చాలావరకు ఇతరుల జాబితాల నుంచి ఎత్తి రాసుకున్నవే అయి ఉంటాయి. అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్లను, లినక్స్ కెర్నెల్‌ను ఆధారంగా తీసుకొని, ముఖ్యమైన కొన్ని విలువలు ఏ లెక్క నుంచి పుడతాయో, లెక్క లేకుండా మార్చినప్పుడు ఆ భారం ఎవరిపై పడుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: వెబ్ సర్వర్, అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్, లినక్స్ కెర్నెల్, లిటిల్ సూత్రం, టీసీపీ, యూటీఎఫ్-8.

ప్రవేశిక:
పరీక్ష ఫలితాలు వెలువడే రోజు ఒక కళాశాల సర్వర్ పరిస్థితిని ఊహించవచ్చు. ఏడాది పొడుగునా గంటకు పదిమంది కూడా చూడని పేజీని ఆ ఒక్క ఉదయం వేలమంది ఒకేసారి తెరుస్తారు. పేజీ రాదు. రానివారు మళ్లీ మళ్లీ నొక్కుతారు. సర్వర్ నిర్వాహకులు అప్పటికప్పుడు దొరికిన సలహా ప్రకారం నాలుగైదు విలువలను పదింతలు చేస్తారు. కొంతసేపటికి యంత్రం పూర్తిగా స్తంభిస్తుంది. యంత్రం చిన్నది కావడం ఒక్కటే దీనికి కారణమని భావించడం సరికాదు. పెంచిన విలువలే దానిని కూల్చి ఉండవచ్చు.

అభ్యర్థన దాటే వరుసలు:
బ్రౌజర్ నుంచి బయలుదేరిన అభ్యర్థన నేరుగా సర్వర్ ప్రోగ్రామును చేరదు. ముందుగా టీసీపీ మూడంచెల కరచాలనం జరుగుతుంది. అది పూర్తయిన కనెక్షన్‌ను కెర్నెల్ ఒక వరుసలో నిలబెడుతుంది. సర్వర్ ప్రాసెస్ ఖాళీ అయినప్పుడు ఆ వరుసలోంచి ఒకదానిని తీసుకొని, అభ్యర్థనను చదివి, పీహెచ్‌పీ వంటి భాషలో రాసిన ప్రోగ్రామును నడుపుతుంది. ఆ ప్రోగ్రాము డేటాబేస్ ముందు మరో వరుసలో నిలబడుతుంది. జవాబు తిరిగి వెళ్లేటప్పుడు కూడా పంపవలసిన బైట్లు కెర్నెల్ బఫర్‌లో తమ వంతు కోసం ఆగుతాయి. ఇన్ని వరుసల్లో ముందుగా నిండేది ఏది అన్నదే పనితీరుకు సంబంధించిన అసలు ప్రశ్న. మిగిలిన వరుసలను ఎంత సవరించినా ఆ ఒక్కటీ నిండినంతకాలం ఫలితం కనిపించదు.

లిటిల్ సూత్రం - మెమొరీ లెక్క:
వరుసల సిద్ధాంతంలో జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఒకటుంది. ఒక వ్యవస్థలో ఏ క్షణాన అయినా సగటున ఉండేవారి సంఖ్య, సెకనుకు వచ్చేవారి సంఖ్యను ఒక్కొక్కరు లోపల గడిపే కాలంతో గుణిస్తే వస్తుంది. బ్యాంకు కౌంటరుకైనా, రేషన్ దుకాణానికైనా, వెబ్ సర్వర్‌కైనా ఇది ఒకే విధంగా వర్తిస్తుంది.

సెకనుకు 50 అభ్యర్థనలు వస్తున్నాయని, ఒక్కొక్కటి 0.2 సెకన్లలో పూర్తవుతోందని అనుకుంటే, ఒకే సమయంలో పనిలో ఉండేవి సగటున 10. డేటాబేస్ మందగించి అదే పనికి 4 సెకన్లు పడితే, వచ్చేవారి సంఖ్య పెరగకపోయినా పనిలో ఉండేవి 200 అవుతాయి. రద్దీ పెరగలేదు, జాప్యం పెరిగింది. బయటినుంచి చూసేవారికి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇప్పుడు మెమొరీని లెక్కలోకి తీసుకోవాలి. అపాచీ సర్వర్‌లో ప్రీఫోర్క్ పద్ధతి ప్రకారం ఒక్కొక్క అభ్యర్థనకు ఒక్కొక్క ప్రాసెస్ కావాలి. పీహెచ్‌పీని తనలో ఇముడ్చుకున్న ప్రాసెస్ ఒక్కొక్కటి 40 ఎంబీ వాడుతోందని అనుకుంటే, 10 ప్రాసెస్‌లకు 400 ఎంబీ సరిపోతుంది. 200 ప్రాసెస్‌లకు 8,000 ఎంబీ కావాలి. యంత్రంలో ఉన్నది 4 జీబీయే అయితే, మిగిలినదానిని కెర్నెల్ డిస్క్‌పైకి, అంటే స్వాప్‌లోకి నెడుతుంది. డిస్క్ మెమొరీకన్నా ఎన్నో రెట్లు నెమ్మది. దానితో ప్రతి అభ్యర్థనా మరింత ఆలస్యమవుతుంది. ఆలస్యమైనకొద్దీ లోపల ఉండేవారి సంఖ్య పెరుగుతుంది. ఆ సంఖ్య పెరిగినకొద్దీ మెమొరీ మరింత చాలకుండా పోతుంది. ఈ దశలో ప్రాసెస్‌ల గరిష్ఠ సంఖ్యను ఇంకా పెంచడం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన చందమే.

అందువల్ల ఆ గరిష్ఠ సంఖ్యను కోరికను బట్టి కాక మెమొరీని బట్టి నిర్ణయించాలి. 4,096 ఎంబీలో డేటాబేస్‌కు, కెర్నెల్‌కు, ఫైళ్ల క్యాష్‌కు 1,400 ఎంబీ వదిలితే మిగిలేది 2,696. దానిని 40తో భాగిస్తే 67. కొంత వెసులుబాటు ఉంచుకొని 60 అని నిర్ణయించవచ్చు. అపాచీలో మాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్ అనే ఈ విలువ (2.4కు ముందు దీని పేరు మాక్స్‌క్లయింట్స్) ప్రీఫోర్క్‌లో ఎవరూ మార్చకపోతే 256గా ఉంటుంది. పై లెక్కన 256 ప్రాసెస్‌లకు 10 జీబీ కావాలి. అంటే చిన్న యంత్రంపై చేయవలసిన మొదటి సవరణ పెంచడం కాదు, తగ్గించడం.

ఒక ప్రాసెస్ ఎంత మెమొరీ వాడుతుందన్నది కొలిచి తెలుసుకోవలసిన అంశం. సాధారణంగా చూసే ఆర్ఎస్ఎస్ సంఖ్యలో, అనేక ప్రాసెస్‌లు ఉమ్మడిగా వాడుకునే పేజీలు ప్రతి ప్రాసెస్ ఖాతాలోనూ పూర్తిగా చేరతాయి. ఉమ్మడి భాగాన్ని వాటాలుగా పంచి చూపే పీఎస్ఎస్ సంఖ్యే ఈ లెక్కకు తగినది.

60 ప్రాసెస్‌లు, 0.2 సెకన్లు అయితే సెకనుకు 300 అభ్యర్థనలు తీరతాయి. 4 సెకన్లయితే 15 మాత్రమే. ఇరవై రెట్ల ఈ తేడాను ఏ కెర్నెల్ అమరికా పూడ్చలేదు. హాల్‌టికెట్ సంఖ్యతో ఫలితాన్ని వెతికే పట్టికకు ఆ సంఖ్యపై ఇండెక్స్ లేకపోతే, డేటాబేస్ ప్రతిసారీ పట్టిక మొత్తాన్ని చదువుతుంది. ఇండెక్స్ చేర్చడం ఒక వాక్యంతో పూర్తయ్యే పని. ఇంకో మెట్టు పైకి ఆలోచిస్తే, ప్రకటించిన ఫలితాలు ఆ రోజు గంటగంటకూ మారేవి కావు. వాటిని ముందుగానే స్థిరమైన పేజీలుగా తయారుచేసి ఉంచితే డేటాబేస్‌ను అడగవలసిన అవసరమే ఉండదు. కెర్నెల్ వాటిని తన మెమొరీలోని పేజీ క్యాష్ నుంచి నేరుగా పంపగలదు. సర్వర్ సవరణ పేరుతో జరిగే శ్రమలో అధికభాగం, చేయనక్కరలేని పనిని వేగంగా చేయించడానికే ఖర్చవుతోంది.

నిలిపి ఉంచిన కనెక్షన్లు:
ఒక జవాబు అందిన తరువాత కూడా అదే కనెక్షన్‌ను మరో అభ్యర్థన కోసం తెరచి ఉంచడాన్ని కీప్-అలైవ్ అంటారు. ప్రతి చిత్రానికీ మళ్లీ కరచాలనం చేసే శ్రమ దీనితో తప్పుతుంది కనుక చదువరికి ఇది మేలే. అపాచీ 2.4లో ఈ నిరీక్షణ కాలం 5 సెకన్లు. ప్రీఫోర్క్‌లో ఆ 5 సెకన్లూ ఒక ప్రాసెస్, తన 40 ఎంబీతో సహా, ఏ పనీ లేకుండా కూర్చుంటుంది. 0.2 సెకన్ల పని 5.2 సెకన్ల బస అవుతుంది. 60ని 5.2తో భాగిస్తే సెకనుకు 11 కొత్త కనెక్షన్లు. పైగా బ్రౌజర్లు హెచ్‌టీటీపీ 1.1 కింద ఒకే సర్వర్‌కు సాధారణంగా ఆరు కనెక్షన్ల వరకు తెరుస్తాయి.

వేలకొలది కనెక్షన్లను ఒకే యంత్రం ఎలా మోయగలదన్న ఈ ప్రశ్ననే 1999లో డాన్ కెగెల్ 'సీ10కే సమస్య' అని పేర్కొన్నాడు. ఒకేసారి పదివేల మంది అని దాని భావం. అప్పటి సెలెక్ట్, పోల్ పద్ధతుల్లో కెర్నెల్ ప్రతిసారీ కనెక్షన్లన్నిటినీ తడిమి చూడవలసి వచ్చేది. 2002లో లినక్స్‌లో చేరిన ఈపోల్, కదలిక ఉన్న కనెక్షన్లను మాత్రమే అందిస్తుంది. ఇగోర్ సిసోయెవ్ 2002లో ప్రారంభించి 2004లో విడుదల చేసిన ఎన్‌జిన్‌ఎక్స్ ఈ తరహా పద్ధతిపైనే నిర్మితమైంది. అందులో ఖాళీగా ఉన్న కనెక్షన్‌కు ఒక ప్రాసెస్ అంటూ ఉండదు, కొద్దిపాటి మెమొరీ చాలు. అపాచీ 2.4లోని ఈవెంట్ పద్ధతి కూడా ఖాళీ కనెక్షన్ల కాపలాను వేరే థ్రెడ్‌కు అప్పగిస్తుంది.

అయితే ఎన్‌జిన్‌ఎక్స్‌కు మారినంత మాత్రాన పీహెచ్‌పీ వేగం పెరగదు. దాని వెనుక నడిచే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంలో ప్రాసెస్‌ల సంఖ్యను నిర్ణయించేటప్పుడు పైన చెప్పిన భాగహారమే తిరిగి చేయవలసి వస్తుంది.

కెర్నెల్ గుమ్మం:
కరచాలనం ముగిసిన కనెక్షన్లు నిలిచే వరుస పొడవు రెండు విలువల్లో చిన్నదానిని బట్టి ఉంటుంది. ఒకటి సర్వర్ ప్రోగ్రాము అడిగేది. అపాచీ సాధారణంగా 511 అడుగుతుంది. రెండవది కెర్నెల్ అనుమతించే సోమాక్స్‌కాన్. లినక్స్‌లో ఇది చిరకాలం 128గా ఉండి, 2019లో వచ్చిన 5.4 వెర్షన్‌లో 4,096 అయింది. పాత కెర్నెల్‌పై 511 అడిగినా దక్కేది 128 మాత్రమే. ఆ కోత గురించి సర్వర్‌కు ఎవరూ చెప్పరు. వరుస నిండితే, కొత్త కనెక్షన్ కోరే ప్యాకెట్‌ను కెర్నెల్ నిశ్శబ్దంగా వదిలేస్తుంది. అవతలి యంత్రం సాధారణంగా 1 సెకను ఆగి మళ్లీ పంపుతుంది, తరువాత మరో 2, ఆపై మరో 4 సెకన్లు ఆగుతుంది. ఆలస్యాలు 1, 3, 7 సెకన్ల దగ్గర గుమిగూడుతుంటే అనుమానించవలసింది ఈ వరుసనే. కెర్నెల్ లెక్కల్లోని లిజన్ ఓవర్‌ఫ్లోస్ అనే సంఖ్య పెరుగుతుంటే అనుమానం నిజమైనట్లే.

ఇక్కడ వరుసను పొడిగించడం క్షణికమైన ఉప్పెనకు పనికివస్తుంది. నిలకడగా వచ్చే భారానికి పనికిరాదు. సెకనుకు 15 మందికి మాత్రమే జవాబివ్వగల సర్వర్ ముందు 4,096 మంది నిలబడితే చివరివారి వంతు రావడానికి 273 సెకన్లు పడుతుంది. అప్పటికి వారు విసిగి పేజీని మూసివేసి ఉంటారు లేదా మళ్లీ నొక్కి వరుసలో రెండోసారి చేరి ఉంటారు. సర్వర్ వెళ్లిపోయినవారికి వడ్డిస్తూ ఉంటుంది. తీర్చలేని అభ్యర్థనకు త్వరగా 'తరువాత రండి' అని 503 సంకేతం పంపడం ఇంతకన్నా మర్యాద.

టైమ్-వెయిట్ - ఒక తప్పుడు మందు:
కనెక్షన్‌ను ముందుగా మూసిన పక్షం, దాని వివరాలను లినక్స్‌లో 60 సెకన్లపాటు టైమ్-వెయిట్ స్థితిలో ఉంచుతుంది. దారిలో ఆలస్యమైన పాత ప్యాకెట్లు, అదే చిరునామాలతో తెరుచుకున్న కొత్త కనెక్షన్‌లో కలవకుండా కాపాడడం దీని ప్రయోజనం. రద్దీ సర్వర్‌లో ఇటువంటివి వేలల్లో కనిపించి నిర్వాహకులను భయపెడతాయి. నిజానికి లోపలికి వచ్చే కనెక్షన్ల విషయంలో ఇవి కొద్దిపాటి మెమొరీనే వాడతాయి; సర్వర్ పోర్టు ఒక్కటే కనుక పోర్టులు తరిగిపోయే ప్రసక్తి లేదు. ముందున్న ప్రాక్సీ వెనుకనున్న ఒకే సర్వర్‌కు ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరిచే చోట మాత్రం ఇబ్బంది నిజమైనది. లినక్స్ వాడే తాత్కాలిక పోర్టులు 32,768 నుంచి 60,999 వరకు, అంటే 28,232. ప్రాక్సీయే ముందుగా మూస్తే, 60 సెకన్ల లెక్కన సెకనుకు సుమారు 470 కనెక్షన్లకు మించి తెరవడం కష్టమవుతుంది. ఆ రెండింటి మధ్య కనెక్షన్లను నిలిపి ఉంచి తిరిగి వాడడం దీనికి సరైన పరిష్కారం.

కాని చాలాకాలం ప్రచారంలో ఉన్న మందు టీసీపీ-టీడబ్ల్యు-రీసైకిల్ అనే అమరిక. దీనిని పెడితే కెర్నెల్ ఒక్కొక్క ఐపీ చిరునామా నుంచి చివరిగా వచ్చిన కాలముద్రను గుర్తుంచుకొని, అంతకన్నా వెనుకబడిన కాలముద్రతో వచ్చే కొత్త కనెక్షన్‌ను తిరస్కరించేది. ఒక చిరునామా వెనుక ఒకే యంత్రం ఉన్నంతవరకు ఇది సవ్యంగానే నడుస్తుంది. కళాశాల ప్రయోగశాలలోని నలభై కంప్యూటర్లు ఒకే బయటి చిరునామాను పంచుకుంటాయి. ఒకే ఐపీవీ4 చిరునామాను అనేక మంది మొబైల్ వినియోగదారులకు పంచడం కూడా సాధారణం. ఆ యంత్రాల కాలముద్రలు ఒకదానితో ఒకటి పొసగవు. ఒకరికి పేజీ వస్తుంది, పక్కనున్నవారికి రాదు. కరచాలనానికి ముందే ప్యాకెట్ పోయింది కనుక సర్వర్ లాగ్‌లో ఒక్క వరుస కూడా నమోదు కాదు. నిర్వాహకుడు తన సొంత కనెక్షన్ నుంచి చూసుకుంటే అంతా బాగానే ఉంటుంది. వేగం కోసం చేసిన మార్పు భారం చిరునామాలు పంచుకునేవారిపైనే పడింది. వారి ఫిర్యాదుకు ఆధారం కూడా మిగలలేదు. 2017లో వచ్చిన 4.12 కెర్నెల్ నుంచి ఈ అమరికను తొలగించారు.

తెలుగు పేజీ బరువు:
యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. గుణింతపు గుర్తులు కూడా విడి సంకేతాలే కనుక 'తెలుగు' అనే మాటలో ఆరు సంకేతాలు, 18 బైట్లు ఉంటాయి. పదివేల సంకేతాల వ్యాసం 30,000 బైట్లు. కొత్త టీసీపీ కనెక్షన్‌లో లినక్స్ మొదటి విడతగా 10 ప్యాకెట్లు, అంటే సుమారు 14,600 బైట్లు పంపి, అవతలి నుంచి రసీదు వచ్చేదాకా ఆగుతుంది. కుదించని తెలుగు వ్యాసానికి రెండో విడత తప్పదు. జిజిప్ కుదింపు మూడో వంతుకు తగ్గిస్తే మొదటి విడతలోనే పేజీ మొత్తం చేరుతుంది. పైగా ప్రతి తెలుగు సంకేతంలోనూ మొదటి బైటు ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. ఇంతగా పునరావృతమయ్యే పాఠం కుదింపుకు బాగా లొంగుతుంది. ఎన్‌జిన్‌ఎక్స్‌లో జిజిప్ దానంతట అది అమలులో ఉండదు; అమలు చేసినా హెచ్‌టీఎంఎల్‌కే పరిమితమవుతుంది, మిగిలిన రకాలను విడిగా పేర్కొనాలి. ఊఫ్2 ఫాంట్లు, జేపెగ్ చిత్రాలు ముందే కుదించినవి; వాటిపై మళ్లీ ప్రయత్నించడం ప్రాసెసర్‌కు దండుగ పని.

కొలత:
సగటు కాలం ఒక్కటే చూసి తృప్తి చెందడం ప్రమాదకరం. వంద అభ్యర్థనల్లో 95 తలా 0.1 సెకనులో, 5 తలా 10 సెకన్లలో పూర్తయితే సగటు 0.595 సెకన్లు. అటువంటి అనుభవం ఆ వందమందిలో ఒక్కరికీ లేదు. అందుకే 95వ, 99వ శతాంశాలను చూడాలి. పరీక్షించే సాధనంలోనూ ఒక మెలిక ఉంది. ముందు అభ్యర్థనకు జవాబు వచ్చాకనే తరువాతిది పంపే సాధనం, సర్వర్ మందగించినప్పుడు తానూ మందగించి అసలు ఆలస్యాన్ని దాచిపెడుతుంది. నిజమైన విద్యార్థులు అలా ఒకరికోసం ఒకరు ఆగరు. నిర్ణీత రేటుతో అభ్యర్థనలను పంపే సాధనమే వాస్తవానికి దగ్గర. దానిని వేరొక యంత్రం నుంచి, వీలైతే మొబైల్ నెట్‌వర్క్ నుంచి కూడా నడపాలి.

ఒకసారికి ఒకే విలువను మార్చి, మార్చిన తేదీని, కారణాన్ని, ముందు వెనుకల కొలతలను ఆ వరుస పక్కనే వ్యాఖ్యగా రాసి ఉంచాలి. పదేళ్ల నాటి జాబితాలోంచి 'పెంచడానికి' అని చేర్చిన సోమాక్స్‌కాన్ 1,024 అనే వరుస ఎన్నో యంత్రాల్లో ఉండే అవకాశం ఉంది. 128 ఉన్న రోజుల్లో అది పెంపే. 5.4 తరువాతి కెర్నెల్‌పై అదే వరుస 4,096ను 1,024కు తగ్గిస్తుంది.