కట్టుడు పళ్ల వెనుక కనిపించని చేయి: డెంటల్ టెక్నీషియన్‌కు పరీక్ష ఎందుకు, రిజిస్టరు ఎందుకు?

దంతవైద్యశాలకు వెళ్లిన రోగికి కనిపించేది వైద్యుడొక్కడే. ఆయన పళ్ల అచ్చు తీసి, వారం తరువాత రమ్మంటాడు. చెప్పిన రోజుకు తొడుగో, బ్రిడ్జో, పూర్తి పళ్ల సెట్టో సిద్ధమవుతుంది. ఈ వారం రోజులలో ఆ అచ్చు ఎక్కడికి వెళ్లింది, దానిని చూసి పన్ను తయారు చేసినది ఎవరు అన్న ప్రశ్న రోగికి సాధారణంగా తోచదు. దాన్ని తయారు చేసిన వ్యక్తి పేరు డెంటల్ లేబొరేటరీ టెక్నీషియన్. భారతీయ చట్టం ఇతనిని 'డెంటల్ మెకానిక్' అని పిలిచింది.

నోటిలో ఏళ్ల తరబడి ఉండవలసిన వస్తువును తయారు చేసే ఈ వ్యక్తికి ఏ చదువు ఉండాలి? ఆ చదువును ఎవరు పరీక్షించాలి? దేశంలో ఈ ప్రశ్నలకు 1948 నుంచే చట్టబద్ధమైన సమాధానం ఉంది. అయితే సర్టిఫికెట్ అనే ఒకే మాట కింద వేర్వేరు విషయాలు కలగలిసిపోవడం వల్ల విద్యార్థులు మోసపోయే అవకాశమూ ఉంది. ఎన్నో డెంటల్ ల్యాబులకు, శిక్షణ సంస్థలకు, నియామక పరీక్షలకు కేంద్రమైన జాతీయ రాజధాని ప్రాంతంలో ఈ తేడాలు తెలుసుకోవడం మరింత అవసరం. తెలుగు రాష్ట్రాల నుంచి ఉద్యోగం కోసం ఢిల్లీ వెళ్లే అభ్యర్థులకూ ఇది వర్తిస్తుంది.

చట్టం ఏమంటున్నది?

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1948లో, దంతవైద్యుల చట్టం వచ్చింది. దాని ప్రకారం 1949లో భారత దంతవైద్య మండలి ఏర్పడింది.

ఆ చట్టం దంతవైద్యునితో పాటు మరి ఇద్దరిని గుర్తించింది. పళ్లను శుభ్రపరచి, నోటి పరిశుభ్రతను బోధించే వ్యక్తి డెంటల్ హైజీనిస్టు. కట్టుడు పళ్లను, దంత సంబంధ ఉపకరణాలను తయారు చేసే లేదా మరమ్మతు చేసే వ్యక్తి డెంటల్ మెకానిక్. వీరికి విడివిడిగా రిజిస్టర్లు ఉండాలని, ఆ రిజిస్టర్లను రాష్ట్ర స్థాయి దంతవైద్య మండలులు నిర్వహించాలని చట్టం నిర్దేశించింది. తొలి రిజిస్టర్లు తయారయ్యే నాటికే ఈ పనితో జీవిస్తున్నవారి అనుభవాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. ఆ తరువాత వచ్చేవారికి గుర్తింపు పొందిన శిక్షణ, పరీక్ష మార్గమయ్యాయి.

చట్టం గీసిన గీత మరొకటి ఉంది. కట్టుడు పళ్లు అమర్చడం కోసం రోగిని పరీక్షించడం, సలహా ఇవ్వడం, నోటిలో బిగించడం దంతవైద్యం కిందికి వస్తాయి. టెక్నీషియన్ పని వైద్యుడు పంపిన అచ్చుతో, లిఖితపూర్వక సూచనలతో మొదలై, వస్తువును తిరిగి వైద్యునికి అప్పగించడంతో ముగుస్తుంది. రోగికి నేరుగా పళ్లు కట్టే టెక్నీషియన్ ఎంత పనిమంతుడైనా ఈ గీతను దాటినట్టే. పాత ఢిల్లీ వీధులలో, దేశంలోని ఎన్నో సంతలలో బల్ల వేసుకుని పళ్లు కట్టే వృత్తికీ, పరీక్ష రాసి రిజిస్టరైన టెక్నీషియన్ వృత్తికీ ఉన్న తేడా ఇదే.

పరీక్షలో ఏమి అడుగుతారు?

డెంటల్ మెకానిక్ కోర్సు రెండేళ్ల డిప్లొమా. ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివినవారిని సాధారణంగా చేర్చుకుంటారు. రెండేళ్లలో భౌతిక, రసాయన శాస్త్రాల మౌలికాంశాలు, దంతాల నిర్మాణం, దంత పదార్థాలు, లోహశాస్త్రం, ల్యాబ్ పని నేర్పుతారు. పరీక్ష రాత, ప్రయోగ, మౌఖిక విభాగాలుగా జరుగుతుంది.

కాగితం మీద ఇవి పొడి విషయాలుగా కనిపించవచ్చు. రోగి నోటికి సంబంధించినంత వరకు మాత్రం ఒక్కో ప్రశ్న వెనుక ఒక్కో ప్రమాదం ఉంది. ఉదాహరణకు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కూ డెంటల్ స్టోన్‌కూ రసాయన సూత్రం ఒకటే. రేణువుల తీరు మాత్రం వేరు. అందుకే 100 గ్రాముల ప్లాస్టర్‌కు దాదాపు 50 మిల్లీలీటర్ల నీరు కావాలి, స్టోన్‌కు సుమారు 30 మిల్లీలీటర్లు చాలు. కంటి అంచనాతో నీరు ఎక్కువ పోస్తే నమూనా బలహీనమై అరిగిపోతుంది. అరిగిన నమూనా మీద చేసిన తొడుగు నోటిలో సరిగా కూర్చోదు. తొడుగుకూ పంటికీ మధ్య మిగిలిన సందులో ఆహారం చేరి, లోపలి పన్ను పుచ్చిపోతుంది.

పూర్తి పళ్ల సెట్టు విషయం ఇంకొంచెం సున్నితమైనది. గులాబీ రంగు చిగురు భాగాన్ని అక్రిలిక్ పొడితో, మోనోమర్ అనే ద్రవంతో చేస్తారు. కొలత ప్రకారం మూడు పాళ్ల పొడికి ఒక పాలు ద్రవం. ఈ మిశ్రమాన్ని అచ్చులో నింపి వేడి నీటిలో ఉడికిస్తారు. 74 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 8 గంటలు ఉంచడం ఒక పద్ధతి. త్వరగా ముగించాలని ఒక్కసారిగా నీటిని మరిగిస్తే, దాదాపు 100 డిగ్రీల వద్ద మరిగే మోనోమర్ లోపలే బుడగలై సెట్టులో సూక్ష్మ రంధ్రాలు మిగులుతాయి. ఆ రంధ్రాలలో శిలీంధ్రాలు చేరతాయి, సెట్టు విరిగే అవకాశమూ పెరుగుతుంది. సరిగా ఉడకకపోతే మిగిలిపోయిన మోనోమర్ కొందరి చిగుళ్లలో మంటకు, అలర్జీకి కారణమవుతుంది. 'ఉడికించే పద్ధతిని వివరించుము' అన్న ప్రశ్న పరీక్షలో రావడానికి కారణం ఇదే.

లోహపు తొడుగుల తయారీ తెలుగువారికి కొత్త విద్య కాదు. మైనంతో నమూనా చేసి, చుట్టూ అచ్చు కట్టి, మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోయడం ఆదిలాబాద్ డోక్రా కళాకారులు తరతరాలుగా చేస్తున్న పనే. అమెరికా దంతవైద్యుడు విలియం టాగర్ట్ 1907లో ఈ మైనపు పోత పద్ధతిని దంతవైద్యంలో ప్రాచుర్యంలోకి తెచ్చారు. బొమ్మలో వెంట్రుకవాసి తేడా వచ్చినా అందం చెడదు. పంటి తొడుగులో అదే తేడా రోగిని నమలనీయదు. చల్లారుతున్నప్పుడు లోహం ఎంత కుంచించుకుపోతుంది, దానికి తగినట్టు అచ్చు ఎంత వ్యాకోచించాలి అన్నవి టెక్నీషియన్‌కు తెలిసి ఉండాలి.

పరీక్ష టెక్నీషియన్ ఆరోగ్యానికీ సంబంధించినదే. లోహాన్ని, పింగాణీని అరగదీసేటప్పుడు లేచే ధూళిలో సిలికా, కోబాల్ట్, క్రోమియం ఉంటాయి. కొన్ని పాత మిశ్రలోహాలలో బెరీలియం కూడా ఉండేది. ధూళిని పీల్చే యంత్రం, మాస్కు లేకుండా ఏళ్ల తరబడి పనిచేసినవారికి ఊపిరితిత్తుల జబ్బులు రావడం వైద్యశాస్త్రం నమోదు చేసిన విషయం. ఏ లోహంలో ఏముందో చదవకుండా పనిలో దిగిన కుర్రవాడికి ఈ ప్రమాదం గురించి హెచ్చరించేవారు ఉండరు.

ఉత్తీర్ణతతో పని ముగియదు

డిప్లొమా చేతికి వచ్చిన తరువాత రెండో మెట్టు రిజిస్ట్రేషన్. అభ్యర్థి తాను నివసించే లేదా పనిచేసే రాష్ట్రంలోని దంతవైద్య మండలికి దరఖాస్తు చేసి, డెంటల్ మెకానిక్‌ల రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. దీనికి ఆ డిప్లొమా గుర్తింపు పొందినదై ఉండడం తప్పనిసరి. ఏదో ఒక సంస్థ ముద్ర వేసి ఇచ్చిన కాగితం, ఎంత మందపాటి కాగితమైనా, ఇక్కడ పనికిరాదు. కోర్సులో చేరేటప్పుడు ఫీజు గురించి పదిసార్లు అడిగిన కుటుంబాలు సైతం గుర్తింపు గురించి ఒక్కసారీ అడగకపోవడం, రెండేళ్ల తరువాత మండలి దరఖాస్తును తిప్పి పంపినప్పుడు మాత్రమే విషయం తెలుసుకోవడం ఈ రంగంలోని అసలు నష్టం. డబ్బు పోయినా సంపాదించుకోవచ్చు, పోయిన రెండేళ్లు తిరిగి రావు.

రాజధాని ప్రాంతంలో మరో చిక్కు ఉంది. మెట్రో రైలులో గంట ప్రయాణంలో చేరుకోగల గురుగ్రామ్ హర్యానాలో ఉంది, నోయిడా ఉత్తరప్రదేశ్‌లో ఉంది. నగరం ఒకటిగా కనిపించినా రిజిస్టర్లు మూడు. ఢిల్లీలో నివసిస్తూ నోయిడా ల్యాబులో పనిచేసే వ్యక్తి ఏ మండలిలో నమోదు కావాలో ముందే కనుక్కోవడం మంచిది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చదివి ఢిల్లీ వెళ్లేవారు కూడా సొంత రాష్ట్రంలోని నమోదు పత్రాలను సిద్ధంగా ఉంచుకోవాలి.

నియామక పరీక్ష వేరు

చాలామంది అభ్యర్థులు కలగలిపేది ఇక్కడే. ఎయిమ్స్ వంటి కేంద్ర సంస్థలు, ప్రభుత్వ ఆసుపత్రులు డెంటల్ టెక్నీషియన్ ఉద్యోగాలకు ప్రకటన ఇచ్చి రాత పరీక్ష పెడతాయి. అది అర్హతను ఇచ్చే పరీక్ష కాదు, అర్హత ఉన్నవారిలో ఎంపిక చేసే పరీక్ష. గుర్తింపు పొందిన డిప్లొమా, దంతవైద్య మండలి రిజిస్ట్రేషన్ ఉన్నవారికే ఇటువంటి ఉద్యోగాలలో సాధారణంగా అవకాశం. రాత పరీక్షలో మంచి మార్కులు వచ్చినా, పత్రాల పరిశీలన రోజున రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ మార్కులకు విలువ ఉండదు.

నైపుణ్య శిక్షణ సంస్థలు ఇచ్చే స్వల్పకాలిక సర్టిఫికెట్లు మూడో రకం. వాటికి తమవైన ఉపయోగాలు ఉన్నాయి. కంప్యూటరు డిజైన్ వంటి ఒక్కో నైపుణ్యాన్ని అవి నేర్పవచ్చు. కానీ రెండేళ్ల డిప్లొమాకు అవి ప్రత్యామ్నాయం కావు.

ఇతర దేశాలలో

ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది. బ్రిటన్‌లో 2008 నుంచి జనరల్ డెంటల్ కౌన్సిల్‌లో నమోదు కానివారు డెంటల్ టెక్నీషియన్‌గా పనిచేయరాదు. జర్మనీలో మూడున్నరేళ్లు ల్యాబులో పనిచేస్తూ చదివి పరీక్ష రాయాలి. ఆ పైన 'మైస్టర్' అనే ఉన్నత పరీక్ష ఉంది.

అమెరికాలో తీరు భిన్నం. అక్కడ సర్టిఫైడ్ డెంటల్ టెక్నీషియన్ అనే హోదాకు మూడు పరీక్షలు దాటాలి. అన్ని విభాగాల మీద ఒక రాత పరీక్ష, ఎంచుకున్న ప్రత్యేక విభాగంలో మరొక రాత పరీక్ష, అదే విభాగంలో చేతిపని పరీక్ష ఉంటాయి. హోదాను నిలుపుకోవడానికి చదువును కొనసాగించాలి కూడా. అయినా చాలా రాష్ట్రాలలో ఇది స్వచ్ఛందమే. టెక్సస్ వంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం ల్యాబులో సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియన్ ఒకరైనా ఉండాలని కోరతాయి.

భారతదేశం చట్టం చేయడంలో ఆలస్యం చేయలేదు. లోటు చట్టానికీ ల్యాబు బల్లకూ మధ్య ఉంది. దేశంలో దంత కళాశాలలు 300కు పైగా ఉన్నాయి. వాటిలో డెంటల్ మెకానిక్ కోర్సు ఉన్నవి మాత్రం తక్కువ. అందువల్ల ప్రైవేటు ల్యాబులలో ఎందరో గురువు పక్కన కూర్చుని పని నేర్చుకున్నవారే. వారిలో గొప్ప పనిమంతులు ఉన్నారు. చేతిలో కాగితం లేనందువల్ల ప్రభుత్వ ఉద్యోగానికి, విదేశీ అవకాశానికి వారు దూరమవుతున్నారు.

కొత్త చట్టం, కొత్త యంత్రం

పార్లమెంటు 2023లో జాతీయ దంతవైద్య కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. 1948 చట్టం స్థానంలో కొత్త వ్యవస్థను ఏర్పరచడం దాని ఉద్దేశం. దంతవైద్యులతో పాటు దంత సహాయక వృత్తులవారికీ జాతీయ స్థాయిలో ఆన్‌లైన్ రిజిస్టరు ఉండాలన్నది అందులోని ముఖ్యాంశం. ఇది సంపూర్ణంగా ఆచరణలోకి వస్తే టెక్నీషియన్ అర్హతను ఎవరైనా, ఎక్కడి నుంచైనా సరిచూసుకునే వీలు కలుగుతుంది. మూడు రాష్ట్రాల మధ్య విస్తరించిన రాజధాని ప్రాంతానికి ఇది ప్రత్యేకంగా ఉపయోగకరం.

మరోవైపు పని తీరే మారుతోంది. నోటిని స్కానర్‌తో చిత్రించి, కంప్యూటరులో పన్నును గీసి, జిర్కోనియా దిమ్మ నుంచి యంత్రం చెక్కే ల్యాబులు పెద్ద నగరాలలో పెరిగాయి. యంత్రం వచ్చాక పరీక్ష ఎందుకన్న వాదన వినిపించవచ్చు. కానీ చెక్కిన జిర్కోనియాను 1,500 డిగ్రీలకు దరిదాపుల వేడిలో కాల్చినప్పుడు అది 20 శాతానికి పైగా కుంచించుకుపోతుంది. ముందుగానే అంత పెద్దదిగా చెక్కాలని యంత్రానికి చెప్పవలసింది మనిషే. పై పన్ను, కింది పన్ను ఎక్కడ కలవాలో, పక్క పన్ను రంగుకు ఏ ఛాయ సరిపోతుందో నిర్ణయించేది కూడా దంతాల నిర్మాణం చదివిన కన్నే.

చేరే ముందు అడగవలసినవి

ఈ వృత్తిలోకి రాదలచిన విద్యార్థి ఫీజు కట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. ఈ కోర్సుకు దంతవైద్య నియంత్రణ సంస్థ గుర్తింపు ఉందా? పరీక్షను నిర్వహించి డిప్లొమా ఇచ్చే సంస్థ ఏది? ఈ డిప్లొమాతో రాష్ట్ర దంతవైద్య మండలి రిజిస్టరులో పేరు నమోదవుతుందా? ల్యాబులో ఒక్కో విద్యార్థికి సొంతంగా పని చేసే అవకాశం ఉందా? మొదటి మూడింటికి సమాధానాన్ని సంస్థ ప్రతినిధి మాటగా కాక, నియంత్రణ సంస్థ నుంచి, రాష్ట్ర మండలి నుంచి నేరుగా తెలుసుకోవాలి.

రోగి అడగవలసినది ఒక్కటే. 'ఈ పన్ను ఏ ల్యాబులో తయారైంది, ఏ పదార్థంతో చేశారు?' ఈ సమాధానం కాగితం మీద రాసి ఇమ్మని కోరడంలో తప్పు లేదు. ముఖ్యంగా నికెల్ వంటి లోహాలు సరిపడనివారికి ఆ కాగితం భవిష్యత్తులో ఎంతో అవసరమవుతుంది. రోగులు ఈ ప్రశ్న అడగడం అలవాటు చేసుకున్న రోజున వైద్యులు తమ ల్యాబును ఇదే ప్రశ్న అడుగుతారు, ల్యాబులు రిజిస్టరైన టెక్నీషియన్ కోసం వెతుకుతాయి.