గోపురపు బీట

బెంగుళూరునకు దక్షిణమున, ఆనేకల్లు తాలూకాలోని జిగణిలో గ్రానైటు పలకలు గోడలవలె వరుసలు తీరి నిలిచియుండ, కోతమిషనుల రొదయు, వానినుండి కారు తెల్లని రాతిబురదయు వచ్చినవారికి ఎదురగుచుండును. ఆ రాళ్ల నడుమ నిలిచినవానికి శిల శాశ్వతమను నమ్మకము కలుగుట సహజము. నాకును కలిగినది, మరుక్షణమే శ్రీకాళహస్తి రాజగోపురము జ్ఞప్తికి వచ్చి, ఆ నమ్మకము సడలినది.

శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఆ యేడంతస్తుల గోపురము, సుమారు 136 అడుగుల యెత్తున, స్వర్ణముఖీతీరమున అయిదు శతాబ్దములకు కొన్ని యేండ్లు తక్కువగా నిలిచి, 2010 మే 26వ తేదీ రాత్రి కుప్పకూలినది. జనులను ముందే తొలగించియుండుటచే ప్రాణనష్టము తప్పినది. వారము తిరుగకముందే లైలా తుపాను బాపట్ల చెంత తీరము దాటియుండెను గనుక నింద వానమీదికి నెట్టుట సులభమే. కాని గోపురపు బీట ఆనాటిది కాదు, ఏండ్ల తరబడి అందఱి కన్నులయెదుటను ఉన్నదే.

గోపురమన నిలువెల్ల రాయియే యని మనలో పలువురి తలంపు. సామాన్యముగా క్రిందిభాగము మాత్రమే రాతికట్టడము. దానిపై లేచు అంతస్తులు ఇటుకయు సున్నమునే. పైగా నడుమ ద్వారమార్గముండుటవలన, ఆ మహాభారమంతయు ఇరుప్రక్కల రెండు కాళ్లపై నిలుచును. అందొకదాని క్రింది నేల రెండవదానికంటె కొంచెము ఎక్కువ దిగబడినను, పైకట్టడము నిలువునా చీలును. ఆ చీలికలోనికి వాననీరు చొచ్చి సున్నమును కొంచెము కొంచెముగా కడిగివేయును. ఏ కాకియో విడిచిన రావిగింజ అక్కడ మొలకెత్తును. కూలివాడు కొడవలితో కొమ్మను కోసి దిగివచ్చునేగాని, వేరు లోపలనే యుండి ఇటుకలను విడదీయుచుండును. ఇక మనవారి వైద్యమన్ననో, బీటపై సిమెంటు మెత్తి రంగు వేయుట! లోనికి పోయిన తేమ వెలికి రాలేక సున్నమును ఇంకను నానబెట్టును. పైకి మాత్రము గోడ నున్నగా కనబడును.

బీట పెరుగుచున్నదో, నిలిచినదో తెలిసికొనుట బ్రహ్మవిద్య కాదు. దానికి అడ్డముగా చిన్న గాజుబిళ్లను అతికించి, తేదీ వ్రాసియుంచిన చాలును. కదలిక యున్నచో గాజు పగులును. అయితే ఆ గాజును చూచుటకు మఱల ఒకడు రావలెను గదా. సొంతయింటి మిద్దె కారినచో ఆ రాత్రియే గొడుగు వేసికొని పైకెక్కుదుము. పదిమందికి చెందినదాని బీటకు అర్జీ, అర్జీకి కమిటీ, కమిటీకి నివేదిక!

కూలినది కాళహస్తి గోపురమొక్కటియే కాదు. మైసూరులో లాన్స్‌డౌన్ భవనపు భాగమొకటి 2012 ఆగస్టు 25న కూలి నలుగురు మరణించిరి. నాలుగేండ్లకు అదే యూరి దేవరాజ మార్కెట్టులో కొంతభాగము నేలరాలినది. కాళహస్తిలో క్రొత్త గోపురము లేచి, 2017లో కుంభాభిషేకమును జరిగినది.

ఆనాడు జిగణిలో ఒక పనివాడు, నాతో తెలుగుననే మాటలాడుచు, లారీనుండి దింపిన ప్రతి పలకను చిన్నసుత్తితో తట్టి చెవియొగ్గి వినుచుండెను. గంటవలె మ్రోగినదానిని కోతకు పంపెను. ఒకటి బొంగురుగా పలికెను. కంటికి దానిపై గీతయైనను లేదు. అయినను సుద్దతో గుర్తుపెట్టి, దానిని ప్రక్కకు తీయించెను.