వాద్యం విరిగితే శ్రుతి మిగులుతుందా?

క్రీస్తుపూర్వం 399. ఏథెన్స్ చెరసాల. ఆ సాయంత్రమే విషం తాగవలసిన సోక్రటీసు ముందు మిత్రుడు సిమ్మియాస్ ఒక సందేహం ఉంచాడని ప్లేటో 'ఫీడో'లో రాశాడు. శరీరం తంత్రీవాద్యమైతే ఆత్మ దాని శ్రుతి కదా; వాద్యం విరిగాక శ్రుతి ఉంటుందా?

సోక్రటీసు జవాబు ఇది: శ్రుతి తీగలను బట్టి నడుస్తుంది. ఆత్మ అలా కాదు. దాహంతో శరీరం నీళ్లు కోరినా వద్దని ఆపగలదు. కనుక శరీరాన్ని ఏలేది ఆత్మే.

ప్లేటో శిష్యుడు అరిస్టాటిల్ మరో దారి పట్టాడు. మైనమూ, దానిపై ముద్రా ఒకటా, వేరా అని అడగనక్కరలేదన్నాడు. కంటికి చూపు ఎలాగో, శరీరానికి ఆత్మ అలాగే. చూపు పోయిన కన్ను పేరుకే కన్ను.

అయినవారు కన్నుమూసిన ఇంట సిమ్మియాస్ సందేహం నేటికీ వినబడుతుంది.