పులుపు పడితే మాంసం ఉడకదా?

గోంగూర మాంసం వండే ఇళ్ళలో తరతరాలుగా ఒక కట్టుబాటు ఉంది. ముక్క ఉడికాకే ఆకు వెయ్యాలి, ముందే వేస్తే పులుపుకి మాంసం బిగుసుకుపోయి ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడకదు అంటారు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ మొదలైన తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి చుట్టూ పెరిగిన అపార్ట్‌మెంట్లలో ఈ మాటని పాటించడం కొంచెం కష్టంగానే ఉంటోంది. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళే ఇంట్లో మాంసం ఒక గిన్నెలో, ఆకు ఇంకో గిన్నెలో వండే తీరిక ఎవరికుంది? అన్నీ ఒకే కుక్కర్‌లో పడేసి మూత పెట్టేద్దాం అనిపిస్తుంది. అమెరికాలో కొన్నేళ్ళు ఉండి వచ్చినవాళ్ళు దీనికి సాక్ష్యం కూడా చూపిస్తారు. అక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో కొలార్డ్ అనే ముదురాకుని, పొగబెట్టిన పంది మాంసాన్ని కలిపి ఒకే కుక్కర్‌లో వండుతారు, ఆకూ మాంసమూ రెండూ మెత్తబడతాయి, మనకెందుకు కుదరదు అని. నా ఉద్దేశంలో పాత కట్టుబాటు సరైనదే. దానికి మనం చెప్పుకునే కారణమే తప్పు. అసలు కారణం తెలిస్తే ఎప్పుడు ఆ కట్టుబాటుని పక్కన పెట్టవచ్చో కూడా తెలుస్తుంది.

ఈ నమ్మకం పప్పు దగ్గర పుట్టి ఉంటుంది. కందిపప్పులో చింతపండు పులుసు ముందే పోస్తే పప్పు పలుకుగా మిగిలిపోతుందని వంట చేసేవాళ్ళందరికీ తెలుసు. పులుసులో వేసిన దుంప ముక్క గంటసేపు మరిగినా విడిపోకపోవడమూ అందుకే. మొక్కల కణాల గోడల్ని పట్టి ఉంచే జిగురులో ముఖ్యమైనది పెక్టిన్. నీళ్ళు మరుగుతుంటే పెక్టిన్ గొలుసులు తెగిపోతాయి, అప్పుడే పప్పు మెత్తబడుతుంది. పులుపు ఓ మోస్తరుగా ఉంటే, అంటే పీహెచ్ నాలుగు దరిదాపుల్లో ఉంటే, ఈ తెగడం బాగా మందగిస్తుంది. దీనికి తోడు ఐటీ కారిడార్‌లో చాలా అపార్ట్‌మెంట్లకి బోరునీళ్ళో, ట్యాంకర్ నీళ్ళో దిక్కు. ఉప్పదనం ఎక్కువున్న ఆ నీళ్ళలోని కాల్షియం పెక్టిన్ గొలుసుల మధ్య వంతెనలు కట్టి పప్పుని ఇంకా మొండిగా చేస్తుంది. కాబట్టి పప్పు విషయంలో పెద్దవాళ్ళ మాట అక్షరాలా నిజం. అయితే మాంసంలో పెక్టిన్ లేదు. పప్పు కోసం పుట్టిన సూత్రాన్ని మాంసానికి అంటగట్టడంలోనే పొరపాటు జరిగింది.

మాంసాన్ని గట్టిగా ఉంచేది కొల్లాజెన్. కండరాల పోగుల చుట్టూ, కీళ్ళ దగ్గర, కాళ్ళలో పేరుకుని ఉండే ప్రోటీన్ ఇది. 60 డిగ్రీలు దాటగానే ముడుచుకుంటుంది. సగం ఉడికిన ముక్క పచ్చిదానికంటే బిగువుగా అనిపించడం అందుకే. ఆ పైన వేడి కొనసాగితే మెల్లగా కరిగి జెలటిన్‌గా మారుతుంది. పాయా రసం చల్లారాక పేరుకుని జెల్లీలా నిలబడేది ఈ జెలటిన్ వల్లే. కరగడానికి వేడీ కావాలి, సమయమూ కావాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకి పైగా ఎత్తున ఉంది కనుక ఇక్కడ నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కుక్కర్ వెయిట్ లోపల చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో అదనపు ఒత్తిడిని నిలబెడుతుంది, దాంతో లోపలి వేడి దాదాపు 120 డిగ్రీలకి చేరుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం రమారమి రెట్టింపవుతుందన్న మోటు లెక్క వేసుకున్నా, గంటన్నర పని ఇరవై, పాతిక నిమిషాల్లోకి వస్తుంది. డెనిస్ పపాన్ 1679లో లండన్ రాయల్ సొసైటీ వాళ్ళకి తన మూత బిగించిన పాత్రని చూపించినప్పుడు దాన్ని ఎముకల్ని మెత్తబరిచే యంత్రంగానే పరిచయం చేశాడు. అంటే కుక్కర్ మొదట పుట్టింది పప్పు కోసం కాదు, కొల్లాజెన్ కోసమే.

మరి పులుపు కొల్లాజెన్‌ని ఏం చేస్తుంది? పెక్టిన్‌కి చేసినదానికి సరిగ్గా ఎదురుగా చేస్తుంది. ఆమ్లంలో కొల్లాజెన్ పోగులు నీళ్ళు తాగి ఉబ్బుతాయి, తక్కువ వేడికే సడలుతాయి, తొందరగా జెలటిన్ అవుతాయి. దీనికి ప్రయోగశాల దాకా వెళ్ళనక్కర్లేదు. హైదరాబాద్‌లో రోజూ వేల డేగిశాల్లో జరిగే పనే చాలు. కచ్చీ బిర్యానీకి పచ్చి మాంసాన్ని పెరుగులో నానబెడతారు, నిమ్మరసం కూడా పిండుతారు. పులుపుకి మాంసం ఉడకదంటే ఆ బిర్యానీయే ఉండకూడదు. ముక్కని మెత్తబరిచేది అందులో వేసే పచ్చి బొప్పాయి కదా అని ఎవరైనా అనవచ్చు. బొప్పాయిలోని ఎంజైము ప్రోటీన్లని తెంచేమాట నిజమే. అయితే ప్రశ్న పులుపు అడ్డుపడుతుందా లేదా అన్నది. పెరుగు అంత పులుపు నిండి ఉన్నా ముక్క ఉడుకుతోంది. బొప్పాయి ఊసే లేని జర్మన్ల సావర్‌బ్రాటెన్‌లో గొడ్డు మాంసాన్ని రోజుల తరబడి వెనిగర్‌లో ఊరబెట్టి వండుతారు, అందులోనూ మాంసం మెత్తగానే వస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. దాన్ని దాటవేస్తే పాత నమ్మకానికి అన్యాయం చేసినట్టవుతుంది. బతికున్న జంతువు కండరంలో పీహెచ్ ఏడుకి కాస్త పైన ఉంటుంది. కోశాక కండరంలోని నిల్వ చక్కెర లాక్టిక్ ఆమ్లంగా మారి అది అయిదున్నర దగ్గరికి దిగుతుంది. ఇంకొంచెం దిగి అయిదు, అయిదుంపావు మధ్యకి వస్తే కండరపు ప్రోటీన్లు నీటిని పట్టుకునే శక్తి అన్నిటికంటే తక్కువకి పడిపోతుంది. అంతకంటే బాగా కిందికి వెళితే మళ్ళీ నీళ్ళు పట్టుకుంటాయి. అంటే కొద్దిపాటి పులుపు ముక్కని పిప్పి చేస్తుంది, గట్టి పులుపు ఉబ్బిస్తుంది. కొవ్వూ నరాలూ లేని బోన్‌లెస్ ముక్కల్లో కొల్లాజెన్ అసలే తక్కువ. వాటి మీద నాలుగైదు గోంగూర ఆకులు వేసి కుక్కర్ పెడితే నీరు వదిలి పీచుగా, పొడిగా తయారవుతాయి. అది ఉడకకపోవడం కాదు, అతిగా ఉడికి ఎండిపోవడం. నోటికి రెండూ గట్టిగానే తగులుతాయి కాబట్టి నేరం పులుపు మీదకి పోయింది.

నిజానికి ఆదివారం నాటి మటన్ ఉడకకపోవడానికి వేరే కారణాలు ఎక్కువ. మన దగ్గర పొద్దున కోసిన జీవం మధ్యాహ్నానికల్లా పొయ్యెక్కుతుంది. కోసిన కొన్ని గంటలకి కండరాలు కొయ్యబారతాయి, ఆ బిగువు సడలడానికి చల్లటి చోట ఒక రోజైనా పడుతుంది. తాజా మాంసమే మేలన్న మన పట్టుదల వల్ల సరిగ్గా బిగుసుకున్న వేళలోనే వండుతాం. పైగా 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణదే. ఇక్కడ మటన్ అంటే చాలా చోట్ల గొర్రె మాంసమే, దాని వయసు కొనేవాళ్ళకి తెలియదు. వయసు పెరిగేకొద్దీ కొల్లాజెన్ పోగుల మధ్య వేడికి లొంగని ముడులు పెరుగుతాయి. చివరిది విజిల్స్ లెక్క. విజిల్ సమయానికి కొలమానం కాదు, ఒత్తిడి ఎక్కువైతే బయటికి పోయే ఆవిరి, అంతే. పెద్ద మంట మీద ఆరు విజిల్స్ ఏడు నిమిషాల్లో వచ్చేయవచ్చు, చిన్న మంట మీద అరగంటకి రెండు కూడా రాకపోవచ్చు. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి నిమిషాలు లెక్కపెట్టుకున్నవాళ్ళకి ముక్క ఒక్కో వారం ఒక్కోలా రాదు. ఒత్తిడి దానంతట అది దిగేదాకా ఆగడం కూడా ముఖ్యమే. వెయిట్ ఎత్తి ఆవిరిని ఒక్కసారి వదిలేస్తే 120 డిగ్రీల్లో ఉన్న ముక్క లోపలి రసం ఆ క్షణంలోనే తెర్లి బయటికి చిమ్ముతుంది.

పులుపు నిర్దోషి అయితే ఆకుని చివర్న వెయ్యమనడం ఎందుకు? మొదటి కారణం కుక్కర్ చేసిన లోహం. గోంగూరలో మాలిక్, సిట్రిక్, ఆక్సాలిక్ వంటి ఆమ్లాలున్నాయి. అల్యూమినియం మీద సహజంగా ఏర్పడే ఆక్సైడ్ పొర ఇలాంటి గట్టి పులుపుకి, అందునా ఆక్సాలిక్ ఆమ్లానికి, నిలవదు. రోజూ పప్పు వండి నల్లబడిన కుక్కర్ గోంగూర ఉడికిన రోజు లోపల తళతళలాడటం చాలామంది చూసే ఉంటారు. ఆ మెరుపు శుభ్రతకి గుర్తు కాదు, పై పొర కూరలో కలిసిపోయిందని అర్థం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 2011లో అల్యూమినియానికి వారానికి శరీరపు బరువులో కిలోకి 2 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. ఒక్క కూరతో ఆ హద్దు దాటిపోతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అయితే అయిదు నిమిషాల్లో ఉడికిపోయే ఆకుని అల్యూమినియం పాత్రలో అరగంటసేపు 120 డిగ్రీల్లో ఉంచడం వల్ల ఒరిగేదేమీ లేనప్పుడు ఆ లోహాన్ని తినడమెందుకు? స్టీలు కుక్కర్ ఉన్నవాళ్ళకీ, స్టీలు గిన్నెతో వచ్చే కరెంటు కుక్కర్ వాడేవాళ్ళకీ ఈ బాధ లేదు.

రెండో కారణం స్టీలుకీ వర్తిస్తుంది. బెండ, పత్తి, మందార కుటుంబానికి చెందిన గోంగూరకి ఆ జాతి జిగురుంది. వేడి తగలగానే ఆకు కరిగి గుజ్జవుతుంది. పులుపు మొక్కల గోడల్ని కాపాడుతుందంటూనే ఇదేమిటి అని అడగవచ్చు. లేతాకు గోడ చాలా పల్చన, పైగా పీహెచ్ మూడు కిందికి పోతే ఆమ్లమే పెక్టిన్‌ని ఇంకో దారిలో తెంచడం మొదలుపెడుతుంది. ఏమైనా ఆ గుజ్జు బరువుగా అడుగుకి దిగి మాడుతుంది. చిక్కటి రసంలో నీళ్ళు పైకీ కిందికీ తిరగవు, అడుగు వేడెక్కిపోతుంది. కరెంటు కుక్కర్లు ఇలాంటప్పుడే అడుగంటిందని హెచ్చరించి ఆగిపోతాయి. మామూలు కుక్కర్‌లోనైతే నురగ లేచి ఆవిరి దారిలో ఇరుక్కుంటుంది, అది మాడటం కంటే ప్రమాదం. మూడోది రుచి. గోంగూర కమ్మదనం నూనెలో మగ్గి, నీరు ఇగిరి, పచ్చివాసన పోయినప్పుడే వస్తుంది. మూత బిగించిన కుక్కర్‌లో నీరు ఎక్కడికీ ఇగరదు.

కొలార్డ్ కథ దీనికి పూర్తిగా భిన్నం. క్యాబేజీ జాతికి చెందిన ఆ ఆకు మందంగా, మైనం పూసినట్టు ఉంటుంది, పులుపు లేదు. మామూలు గిన్నెలో దానికే ముప్పావుగంట, గంట పడుతుంది. దానితో వేసే పంది కాలి ముక్కలో కొల్లాజెన్ నిండుగా ఉంటుంది, ఉప్పులో ఊరి పొగకి ఆరినది కనుక రుచి కూడా అదే ఇస్తుంది. రెండిటికీ దీర్ఘమైన వేడి కావాలి కనుక కుక్కర్‌లో జత కుదిరింది. వాళ్ళు కూడా వెనిగర్ తగిలించేది దించే ముందే! మన దగ్గర ఆ వంటకి దగ్గరగా వచ్చేవి తెలంగాణ పల్లెల్లో ఎండబెట్టి దాచుకునే ఒట్టి తునకలు. అక్కడ పుంటికూర అని పిలిచే ఈ గోంగూరతోనే వాటినీ వండుతారు. నీరంతా పోయి బిగిసిన ఆ తునకల్ని ముందు నానబెట్టి, కుక్కర్‌లో మెత్తబరిచి, ఆ తర్వాతే ఆకు కలపాలి. అందులో ఉప్పు ముందే దిగి ఉంటుంది కనుక కూరలో ఉప్పు చివర్న చూసుకోవాలి.

విడివిడిగా వండితే ఆకులోని విటమిన్ సి పోతుందనే అభ్యంతరం కొంత న్యాయమైనదే. మూతలేని మూకుడులో గాలి తగిలి కొంత విటమిన్ పాడవుతుంది, ఆవిరి నిండిన కుక్కర్‌లో గాలి ఉండదు. అయితే పులుపు ఆ విటమిన్‌ని కొంత కాపాడుతుంది, మగ్గడానికి పట్టేది కొద్ది నిమిషాలే. విటమిన్ సి కోసం గోంగూర మాంసం తినేవాళ్ళు ఉంటారని నేననుకోను, ఒక జామకాయ తింటే సరిపోతుంది. రంగు గురించిన బెంగ ఇంకా అనవసరం. ఆకు తన పులుపుతోనే పత్రహరితంలోని మెగ్నీషియాన్ని ఊడగొట్టుకుంటుంది, కుక్కర్ అయినా మూకుడు అయినా ఆకుపచ్చ నిమిషాల్లో ఖాకీ రంగులోకి దిగుతుంది.

ఇంతా చెప్పాక ఒకే కుక్కర్‌లో వండితీరాలనేవాళ్ళకి దారి లేకపోలేదు. పాత్ర స్టీలుదై ఉండాలి, మాంసం నల్లి బొక్కలతో, నరాలతో ఉన్న కాలి ముక్కలై ఉండాలి, ఎందుకంటే పులుపు మేలు చేసేది వాటికే. బోన్‌లెస్ జోలికి పోవద్దు. కాడలు మాత్రం తుంచి పారెయ్యాలి. గోగునారగా గోనెసంచులకి పోయేది ఈ జాతి కాండమే, శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పరిశోధన కేంద్రంలో నార కోసమే దీని రకాలు తీశారు. ఆ నారలో ఉన్న లిగ్నిన్‌ని 120 డిగ్రీలు ఏమీ చెయ్యలేవు. ముక్కలు అడుగున, తగినన్ని నీళ్ళు, ఆకు కలపకుండా పైన పేర్చి, కుక్కర్‌ని సగానికి మించి నింపకుండా మూత పెట్టాలి. మొదటి విజిల్ తర్వాత సిమ్‌లో ఇరవై నిమిషాలు. ఒత్తిడి దిగాక మూత తీసి, నూనె పైకి తేలేదాకా ఇగర్చాలి. ఆ చివరి పది నిమిషాలు ఏ కుక్కరూ మిగల్చలేదు.